ఓపెన్ హాలూ మూసిన గదులూ: ఆఫీసులో రెండింటినీ సరిగ్గా కుదుర్చుకునే పద్ధతి

"ఓపెన్ హాలు ఎంత శాతం ఉండాలి, గదులు ఎంత శాతం ఉండాలి?" కొత్త ఆఫీసు వేసుకునేవారు, పాతదాన్ని మార్చుకునేవారు మొదట అడిగేది ఇదే. అందరికీ సరిపోయే శాతం అంటూ ఏదీ లేదు. రోజంతా ఫోన్లలో ఉండే అమ్మకాల బృందానికి, తలవంచుకుని లెక్కలు సరిచూసే అకౌంట్స్ బృందానికి ఒకే ప్లాన్ ఎలా కుదురుతుంది?

సమతూకం ఉందో లేదో తేల్చడానికి నేను నమ్మే పరీక్ష ఒకటి ఉంది. ఆఫీసు బాగా నిండిన వేళ ఎవరికైనా గోప్యంగా ఒక ఫోన్ మాట్లాడాల్సి వచ్చింది, లేదా అరగంట ఏకాగ్రత కావాల్సి వచ్చింది అనుకోండి. వారి కుర్చీ నుంచి నిమిషం నడకలో తగిన ఖాళీ చోటు దొరకాలి. ఈ మార్గదర్శిలోని మెట్లన్నీ ఆ పరీక్ష నెగ్గడానికే. వరుస మార్చకుండా చేయండి. ముందు గదులు కట్టేసి తర్వాత పనిని గమనిస్తే, డబ్బు గోడల్లో ఇరుక్కుపోతుంది.

1. రెండు వారాలు పనిని గమనించండి

ప్లాన్ గీయకముందే చేయాల్సిన పని ఇది. ఒకరు కాగితం పట్టుకుని గంటకోసారి ఆఫీసంతా ఒక చుట్టు తిరగాలి. రాసుకోవాల్సినవి:

- ప్రతి కుర్చీ: ఖాళీ, మౌనంగా పని, ఫోన్ లేదా వీడియో కాల్, పక్కవారితో మాట. ఈ నాలుగింటిలో ఏది?
- ప్రతి గది: ఎంతమందికి వేశారు, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?
- మెట్ల దగ్గర, కారిడార్‌లో, పాంట్రీ మూలన ఫోన్ పట్టుకుని నిలబడ్డవారు ఎంతమంది?

మూడో అంశాన్ని చాలామంది వదిలేస్తారు. మెట్ల మీద నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుతున్నవారు కనిపించారంటే, అక్కడ ఉండాల్సిన గది ఒకటి లేదన్నమాట. అన్నిటికంటే విలువైన అంకె అదే.

పేర్లు రాయొద్దు. ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో ముందే అందరికీ చెప్పండి. నిఘా అని అనుమానం పుడితే రెండు వారాలూ జనం సర్దుకుని కూర్చుంటారు, మీ లెక్క పనికిరాకుండా పోతుంది.

దీనితోపాటు ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడగండి. "మీకేం కావాలి?" అని అడిగితే నూటికి తొంభైమంది క్యాబిన్ అంటారు, దాంతో ఏమీ తేలదు. "గత వారం ఇక్కడ కూర్చుని చేయలేక వాయిదా వేసిన పని, లేదా ఇంటికి పట్టుకెళ్లిన పని ఏమిటి?" అని అడగండి. ఆ జవాబుల్లోంచే ప్లాన్ పుడుతుంది.

2. ఎవరికి ఏ రకం ఏకాంతం కావాలో తేల్చండి

ఏకాంతం అన్న మాట కింద నాలుగు వేరువేరు అవసరాలు దాగి ఉంటాయి.

- నా మాట బయటివారికి వినబడకూడదు (హెచ్‌ఆర్, న్యాయ విభాగం, జీతాల చర్చలు).
- బయటి మాట నాకు వినబడకూడదు (రాయడం, కోడింగ్, లెక్కలు).
- నా కంప్యూటర్ తెర ఎవరికీ కనబడకూడదు.
- కాసేపు నన్నెవరూ కదిలించకూడదు.

ఒక్కోదానికి మందు వేరు. గాజు క్యాబిన్ నాలుగోదాన్ని తీరుస్తుంది కానీ మూడోదానికి ఏమాత్రం పనికిరాదు. తెర మీద కప్పే ప్రైవసీ ఫిల్టర్‌తో తీరిపోయే సమస్యకు గోడ కట్టడం దండగ. బృందాల పేర్లు ఒక నిలువు వరుసలో రాసి, వాటికెదురుగా ఈ నాలుగింటిలో ఏవి కావాలో టిక్కు పెట్టండి. హోదా చూసి టిక్కు పెట్టొద్దు. రోజులో సగం మీటింగుల్లో తిరిగే అధికారి గది సగం రోజు ఖాళీగా ఉంటుంది. ఆ పక్కనే హాలులో జీతాల గుమాస్తా గుసగుసగా మాట్లాడుతూ ఉంటారు. ఈ దృశ్యం చాలా ఆఫీసుల్లో ఉంది, ఉండకూడదు.

3. గదుల లెక్క వేయండి

గమనించిన లెక్కలో సగటును పక్కనపెట్టి, రద్దీ గంటను తీసుకోండి. ఉదాహరణకు 60 మంది, 600 చదరపు మీటర్లు ఉన్న ఆఫీసు అనుకుందాం. రద్దీ గంటలో 9 మంది కాల్స్‌లో ఉన్నారు. ముగ్గురేసి మాట్లాడుకునే గుంపులు 3 ఉన్నాయి. ఆరుగురి మీటింగులు 2, ఒక గోప్యమైన చర్చ నడుస్తున్నాయి.

- పొట్టి కాల్స్‌కు ఫోన్ బూత్‌లు: 5 (ఒక్కోటి సుమారు 1.2 చ.మీ.)
- గంటసేపు సాగే కాల్స్‌కు ఒక మనిషి గదులు: 4 (ఒక్కోటి 4 చ.మీ.)
- ముగ్గురి గదులు: 3 (ఒక్కోటి 8 చ.మీ.)
- ఆరుగురి గదులు: 2 (ఒక్కోటి 14 చ.మీ.)
- శబ్దం బొత్తిగా బయటికి రాని గది: 1 (8 చ.మీ.)

మొత్తం 82 చదరపు మీటర్లు, అంటే విస్తీర్ణంలో సుమారు 14 శాతం. మొదట అడిగిన శాతం ఇలా లెక్క చివర్లో తేలాలి. మీ అంకెలు వేరైతే అది 8 కావచ్చు, 30 కావచ్చు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు పన్నెండుమంది పట్టే పెద్ద గదులు రెండు కట్టి ఊరుకోవడం. మీ కాగితాన్ని చూడండి, ఆ గదుల్లో ఎక్కువసార్లు ఇద్దరో ముగ్గురో కూర్చుని ఉంటారు. పెద్ద గది ఒకటి చాలు, దాన్ని కూడా మధ్యలో మడత పార్టిషన్‌తో రెండుగా విడదీసేలా పెట్టుకుంటే మేలు. నడవలకు విస్తీర్ణంలో మూడో వంతు దాకా పోతుందని కూడా గుర్తుంచుకోండి. దాన్ని మరిచి గీసిన ప్లాన్లు కాగితం మీదే బాగుంటాయి.

4. ప్లాన్ మీద శబ్దపు పటం గీయండి

ఖాళీ ప్లాన్ ప్రింటు తీసి, శబ్దం పుట్టే చోట్లన్నీ ఎర్ర పెన్సిల్‌తో చుట్టండి: ప్రవేశద్వారం, లిఫ్టు, పాంట్రీ, ప్రింటర్, పెద్ద మీటింగ్ రూమ్ తలుపు (మీటింగ్ ముగిశాక అసలు సంభాషణ మొదలయ్యేది ఆ తలుపు బయటే). వీటన్నిటికీ దూరంగా, దారి ముగిసే చోటు ఏదో వెతకండి. నిశ్శబ్ద ప్రాంతం అక్కడ పెట్టాలి. ఇంకో చోటికి వెళ్లే దారి దాని మధ్యలోంచి పోకూడదు.

తర్వాత వరుస ఇలా ఉండాలి: ప్రవేశం, పాంట్రీ, ఆ పక్కన ఫోన్లు ఎక్కువ వాడే బృందాలు, ఆ తర్వాత మామూలు బృందాలు, చివర నిశ్శబ్ద ప్రాంతం. రెండు ప్రాంతాల నడుమ బీరువాలు, పుస్తకాల అరలు, బూత్‌ల వరుస అడ్డుగా పెట్టండి.

మూసిన గదులను కిటికీల వెంట పేర్చడం పాత అలవాటు. దానివల్ల హాలంతా పగలే చీకటి. కిటికీ పై అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, దానికి రెండు నుంచి రెండున్నర రెట్ల దూరం దాకే పగటి వెలుతురు లోపలికి అందుతుంది. ఆ మేరను గంటల తరబడి కూర్చునేవారికి వదిలి, అరగంట కూర్చునే గదులను భవనం లోపలి వైపుకు జరపండి.

ఓపెన్ హాలులో అన్నీ తెరిచి ఉంచితే జనం కలిసిపోతారన్న నమ్మకం మీద మాత్రం ప్లాన్ వేయొద్దు. పరిశోధకులు ఈథన్ బెర్న్‌స్టైన్, స్టీఫెన్ టర్బన్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు పెద్ద కంపెనీల ప్రధాన కార్యాలయాలు ఓపెన్‌గా మారాక ఉద్యోగుల ముఖాముఖి సంభాషణ సుమారు 70 శాతం తగ్గింది, ఈమెయిళ్లు పెరిగాయి. దాక్కోవడానికి చోటు లేనప్పుడు మనిషి హెడ్‌ఫోన్లలో దాక్కుంటాడు.

5. హాలులో శబ్దాన్ని దారికి తెచ్చుకోండి

హాలులో చికాకు పెట్టేది మోత ఒక్కటే అనుకుంటారు. ఏసీ హోరును పావుగంటలో మరిచిపోతాం. నాలుగు బల్లల అవతల ఎవరో చెబుతున్న కథలో మాటలు అర్థమవుతుంటే మాత్రం చేతిలో పని ముందుకు సాగదు. కాబట్టి లక్ష్యం పూర్తి నిశ్శబ్దం అక్కర్లేదు. దూరపు మాట *అర్థం కాకుండా* చేస్తే చాలు.

దీనికి కొలత కూడా ఉంది. ఓపెన్ ఆఫీసుల శబ్దాన్ని కొలిచే ఐఎస్ఓ 3382-3 ప్రమాణంలో, మాటలు ఎంత దూరం దాకా దృష్టి మరల్చేంత స్పష్టంగా వినబడతాయో లెక్కిస్తారు. దాని 2012 కూర్పు ప్రకారం ఆ దూరం 5 మీటర్లలోపు ఉంటే మంచి హాలు, 10 మీటర్లు దాటితే చెడ్డ హాలు. శబ్దాన్ని కొలిచే పరికరం లేకపోయినా పరీక్షించవచ్చు. ఒకరిని బల్ల దగ్గర కూర్చోబెట్టి మామూలు గొంతుతో కొత్త వార్తేదైనా చదివించండి. మీరు ఒక్కో అడుగు వెనక్కి జరుగుతూ, వాక్యం అందకుండా పోయే చోట నేల మీద టేపు అతికించండి. అక్కడి నుంచి బల్ల దాకా కొలవండి.

ఆ దూరాన్ని తగ్గించే వరుస ఇది.

*ముందు సీలింగ్.* ఖాళీ ప్రదేశంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ మాట 6 డెసిబెళ్లు తగ్గుతుంది. గట్టి స్లాబు, గట్టి నేల ఉన్న హాలులో అంత తగ్గదు, పైకి తగిలి మళ్లీ కిందికి వస్తుంది. మామూలు జిప్సం సీలింగ్ శబ్దాన్ని దాదాపు మొత్తం వెనక్కి కొడుతుంది. ఎన్‌ఆర్‌సి విలువ (శబ్దాన్ని ఎంత పీల్చుకుంటుందో చెప్పే అంకె) 0.85 పైన ఉన్న అకౌస్టిక్ టైల్స్ వేయండి. స్లాబు తెరిచి ఉంచే ఫ్యాషన్ కావాలనుకుంటే, బల్లల పైన శబ్దాన్ని పీల్చే పలకలు వేలాడదీయక తప్పదు.

*తర్వాత అడ్డు తెరలు.* కూర్చున్న మనిషి నోరు, కళ్లు సుమారు 1.2 మీటర్ల ఎత్తులో ఉంటాయి. అంతకంటే పొట్టి తెర అలంకారమే. 1.35 నుంచి 1.4 మీటర్లు ఉంటే మాటను కొంత అడ్డుకుంటుంది, లేచి నిలబడితే హాలంతా కనబడుతుంది కూడా. గుడ్డ పొదిగినదైతే మంచిది. సీలింగ్ బాగుచేయకుండా తెరలు పెంచితే ఫలితం ఉండదు, శబ్దం వాటి మీదుగా దూకి వస్తుంది.

*చివర మాస్కింగ్ శబ్దం.* సన్నని గాలి హోరు లాంటి శబ్దాన్ని స్పీకర్ల ద్వారా 40 నుంచి 45 డెసిబెళ్ల స్థాయిలో సమంగా పరుస్తారు. దూరపు మాటల అంచులు అందులో కరిగిపోతాయి. 48 దాటితే అదే కొత్త చికాకు. ఇది వినేవారు కూర్చునే చోట ఉండాలి. గోప్యమైన గది మాట బయటికి పోతోందని ఆ గది లోపలే స్పీకర్ పెడితే లోపలివారు గొంతు పెంచుతారు, ఇంకా ఎక్కువ బయటికి వస్తుంది.

6. గదిని నిజంగా మూయండి

ఖర్చుపెట్టి కట్టిన చాలా గదుల్లోంచి మాటలు బయటికి పోతుంటాయి. గోడ నీళ్ల తొట్టి లాంటిది, ఎంత మందంగా కట్టినా ఒక చిల్లు చాలు ఖాళీ కావడానికి. ఆ చిల్లులు ఎక్కడుంటాయో చూద్దాం.

*తలుపు కింద.* 90 సెంటీమీటర్ల వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు ఉన్న తలుపు కింద ఒక్క సెంటీమీటరు సందు వదిలారనుకోండి. అది తలుపు వైశాల్యంలో అర శాతం కూడా ఉండదు. అయినా ఆ ఒక్క సందు వల్ల, తలుపు ఎంత గొప్పదైనా, 23 డెసిబెళ్లకు మించి ఆపలేదు. మామూలు మాట మీటరు దూరంలో 60 డెసిబెళ్లు. 23 పోగా మిగిలింది, బయట కాస్త నిశ్శబ్దంగా ఉంటే, వాక్యాలుగా అర్థమైపోతుంది. తలుపు మూయగానే కిందికి దిగే డ్రాప్ సీల్, చుట్టూ రబ్బరు పట్టీ పెట్టించండి. ముందుకు వెనక్కు ఊగే గాజు తలుపు, జారే తలుపు గోప్యమైన గదికి పనికిరావు.

*ఫాల్స్ సీలింగ్ పైన.* పార్టిషన్‌ను ఫాల్స్ సీలింగ్ దాకా కట్టి ఆపేస్తే, మాట టైల్స్ దాటి పైకెళ్లి పక్క గదిలో దిగుతుంది. గోప్యమైన గదుల గోడలు నేల నుంచి అసలు స్లాబు దాకా పోవాలి.

*డక్టుల్లోంచి.* పక్కపక్క గదులను ఒకే ఏసీ డక్టు నేరుగా కలిపితే అది మాటల గొట్టం అవుతుంది. లోపల శబ్దాన్ని పీల్చే లైనింగ్, వంపులు అడగండి.

*స్విచ్ బోర్డుల్లోంచి.* గోడకు రెండు వైపులా ఒకదాని వెనక ఒకటి పెట్టొద్దు, పక్కకు జరపండి.

గోడ లోపల ఖాళీ వదలకుండా రాక్‌వూల్ గానీ గ్లాస్ వూల్ గానీ (శబ్దాన్ని పీల్చే దూది లాంటి పొరలు) నింపించండి. గోడ, తలుపు కొనేటప్పుడు ఎస్‌టీసీ అంకె (శబ్దాన్ని ఎంత ఆపుతుందో చెప్పేది) అడగండి. మామూలు గదికి 45, జీతాలూ క్రమశిక్షణ చర్యలూ మాట్లాడే గదికి 50 లక్ష్యంగా పెట్టుకోండి.

గది పూర్తయ్యాక ఒక పరీక్ష. సాయంత్రం అందరూ వెళ్లాక గదిలో లైట్లన్నీ వేసి, హాలు చీకటి చేసి, బయట నిలబడి తలుపు చుట్టూ, గోడ అంచుల వెంట చూడండి. వెలుతురు గీత కనబడిన చోటల్లా మాట కూడా బయటికి వస్తుంది. అక్కడ సీలెంట్ పూయించండి, పట్టీ సరిచేయించండి. కాంట్రాక్టరుకు చివరి బిల్లు చెల్లించక ముందే ఈ పరీక్ష చేయాలి.

ఇంకో మాట. నాలుగు వైపులా గాజు ఉన్న గదిలో వీడియో కాల్ చేస్తే అవతలివారికి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వినబడుతుంది. ఎదురెదురు గట్టి గోడల మధ్య శబ్దం బంతిలా కొట్టుకోవడమే కారణం. ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న రెండు గోడల మీద, కూర్చున్నవారి తల ఎత్తులో, గుడ్డ పలకలు బిగిస్తే చాలావరకు పోతుంది.

7. ఫోన్ బూత్‌ల గాలి సంగతి మరవొద్దు

కూర్చున్న మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. రెండు ఘనపు మీటర్ల బూత్‌లో గాలి కదలకపోతే పది నిమిషాల్లోనే అది 1,500 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 1,500 పాళ్లు) పెరుగుతుంది. ఉక్కపోసి జనం తలుపు తీసి మాట్లాడతారు, బూత్ ఉండీ లేనట్టే. మనిషి లోపలికి రాగానే తిరిగే ఫ్యాను, గాలి లోపలికి వచ్చే దారి ఒకటి, బయటికి పోయే దారి ఒకటి ఉన్నాయా చూడండి. ఒక బూత్‌లోనైనా చక్రాల కుర్చీ పట్టాలి, లేదా అలాంటి చిన్న గది ఒకటి పక్కనే ఉండాలి: తలుపు 90 సెంటీమీటర్లు, లోపల తిరగడానికి 1.5 మీటర్ల వలయం.

బూత్ అయినా గది అయినా, కొత్తగా మూసిన ప్రతిచోటా మంటల భద్రత మళ్లీ చూడాలి. పాత స్ప్రింక్లర్, పొగ డిటెక్టర్ కొత్త గోడకు అవతలి వైపు ఉండిపోయి ఉండొచ్చు.

8. చూపును సర్దండి

నడిచే దారికి వీపు పెట్టి ఎవరినీ కూర్చోబెట్టొద్దు. వెనక ఎవరో నిలబడ్డారేమోనన్న అనుమానం రోజంతా పీడిస్తుంది. బల్ల తిప్పే వీలు లేకపోతే వెనక ఒక బీరువా గానీ తెర గానీ పెట్టండి. గాజు గదులకు కళ్ల ఎత్తున మసక ఫిల్మ్ అతికిస్తే చాలు, మొత్తం మూయనక్కర్లేదు. లోపల మనిషి ఉన్నారో లేదో తెలిసేలా పాదాల వైపు తెరిచి ఉంచండి.

9. వాడుక నియమాలు ముందే రాయండి

గోడలు సరిగ్గా ఉన్నా నియమాలు లేకపోతే నెలలో అంతా కలగాపులగం అవుతుంది. ఒక పేజీ చాలు.

- నిశ్శబ్ద ప్రాంతంలో కాల్స్ లేవు, అధికారులకు కూడా.
- బూత్‌లకు బుకింగ్ లేదు, వస్తువులు వదిలి ఆక్రమించడం లేదు.
- బుక్ చేసిన గదికి పది నిమిషాల్లో రాకపోతే అది ఖాళీ అయినట్టే.
- రెండు నిమిషాలు దాటే మాటను బల్ల దగ్గర నుంచి చిన్న గదికి మార్చాలి.

మొదటి నియమం ఒక్కరికి సడలించినా మిగతావన్నీ పోతాయి.

10. ఇప్పటికే కట్టేసిన ఆఫీసు అయితే

- *అందరూ హెడ్‌ఫోన్లలో ఉన్నారు:* సీలింగ్ నుంచి మొదలుపెట్టండి, తర్వాత ఫోన్లు ఎక్కువ వాడే బృందాన్ని ప్రవేశం, పాంట్రీ వైపుకు మార్చండి. చాలాచోట్ల ఆ రెండో పనికి ఖర్చే లేదు.
- *మీటింగ్ రూమ్ దొరకడం లేదు:* పెద్ద గది ఒకదాన్ని రెండు మూడు చిన్నవిగా విడదీయండి. ఏసీ, లైట్లు విడివిడిగా ఉండాలి.
- *క్యాబిన్లు ఖాళీగా ఉంటున్నాయి:* సొంతదారు లేనప్పుడు ఎవరైనా వాడుకునేలా మార్చండి. వ్యక్తిగత కాగితాలకు తాళం ఉన్న బీరువా ఇస్తే అభ్యంతరం సగం తగ్గుతుంది.
- *అందరూ గదుల్లోనే ఉంటున్నారు, హాలు బోసిపోయింది:* హాలులో ఏదో బాధ పెడుతోంది. ముందు అదేమిటో కనిపెట్టండి. గదులకు తాళాలు వేయడం పరిష్కారం కాదు.

11. ఒక మూలన నమూనా వేసి, ఆపై మొత్తం మార్చండి

పదిమంది కూర్చునే ఒక మూలను ఎంచుకుని తెరలు, సీలింగ్ పలకలు, ఒక బూత్, ఒక చిన్న గది పెట్టి నెల రోజులు నడపండి. సాధ్యమైతే కొన్నిటిని అద్దెకు తీసుకోండి. టేపు పరీక్ష ముందొకసారి, తర్వాతొకసారి చేసి తేడా రాసుకోండి. మొత్తం మార్పు అయిన మూడు నెలలకు మొదటి మెట్టులోని గంటగంట చుట్టును మళ్లీ ఒక వారం తిరగండి. మెట్ల మీద ఫోన్లు ఇంకా కనబడితే బూత్‌లు తక్కువయ్యాయి, లేదా ఉన్నవి దూరంగా ఉన్నాయి. ఈ సర్దుబాట్ల కోసం మొత్తం బడ్జెట్లో పదో వంతు మొదటే పక్కన పెట్టుకోండి, ఆ మూడు నెలలు గడిచేదాకా దాన్ని ముట్టుకోవద్దు.